పోయిన దారి

"ఆ గొడ్డలి ఇలా ఇవ్వరా," అన్నాడు అస్లాక్, ఉత్తరపు గోడకి అడ్డంగా నిలబడి.

"తప్పుకో బాబాయ్. నా ఇల్లు, నా గోడ," అన్నాడు టోర్గ్రిమ్.

"నీ ఇల్లు ఎప్పుడైందిరా? దుంగ మీద దుంగ పేర్చి కట్టింది హాల్వోర్. వాడు పోయాక వాడి పెళ్ళాన్ని చేసుకుని, కట్టిన ఇంట్లోకి దర్జాగా వచ్చి కూర్చున్నావు."

మరొకప్పుడైతే టోర్గ్రిమ్ ఇంతెత్తున లేచేవాడే. హాల్వోర్ పేరెత్తితే చాలు, అతనికి ఒళ్ళు మండేది. పెళ్ళయిన రోజే, ఇదే గోడకి మేకు మీద వేలాడుతున్న హాల్వోర్ ఉన్ని టోపీని తీసి పొయ్యిలో పారేశాడు. అది కాలి బూడిదయ్యేదాకా సిగ్రిడ్ చూస్తూ నిలబడింది గానీ, ఒక్క మాటా అనలేదు. పాత మొగుణ్ణి మరిచిపోయిందిలే అని ఇతగాడు సంబరపడ్డాడు.

ఇప్పుడు ఆ సిగ్రిడ్ కూడా లేదు. జ్వరం తీసుకుపోయింది. చుట్టుపక్కల నార్వే వాళ్ళంతా వచ్చి, గోడలో పొట్టి దుంగలు ఊడదీసి, గుమ్మంలోంచి కాకుండా ఆ కంతలోంచే శవపెట్టెని బయటికి దాటించారు. వెంటనే దుంగలు మళ్ళీ బిగించి, సందుల్లో నాచూ మట్టీ కూరేశారు. సముద్రం దాటి వచ్చి మిన్నెసోటా అడవుల్లో ఇళ్ళు కట్టుకున్నా, ఈ పద్ధతి మాత్రం వదల్లేదు వాళ్ళు.

"పోయినవాళ్ళు పోయిన దారినే తిరిగి రాగలరు. అందుకే కదరా మూసింది," అన్నాడు అస్లాక్.

"అందుకే తెరుస్తున్నాను. ఒక్కసారి రానీ బాబాయ్. నేనంటే ఇష్టమేనా అని బతికుండగా అడగలేకపోయాను. అది తెలియకుండా నాకు ముద్ద దిగడం లేదు."

అస్లాక్ గోడలోని పొట్టి దుంగల చివర్లని వేలితో తడిమాడు. తర్వాత గొంతు తగ్గించి, "సిగ్రిడ్‌ని దాటించిన రోజు ఈ గోడకి రంపం పెట్టాల్సిన పనే లేకపోయింది, దుంగలు అంతకు ముందే కోసి ఉన్నాయి, గమనించావా?" అన్నాడు.

"పెళ్ళాం పోయి ఏడుస్తున్నవాడికి రంపం సంగతి దేనికి?"

"దేనికో ఆలోచించుకో. నేను మాత్రం ఇక్కడుండను." అస్లాక్ కాళ్ళకి చెక్కలు కట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా మంచు మీద జారిపోయాడు.

ముసలాడికి చాదస్తం ముదిరిందనుకుని టోర్గ్రిమ్ గోడ మీద పడ్డాడు. మట్టి గీకేశాడు, నాచు పీకేశాడు. దుంగలు పెద్దగా సతాయించకుండానే ఊడివచ్చాయి. కంతలోంచి చలి ఇంట్లోకి దూసుకొచ్చింది. అతను కాఫీ కాచి, సిగ్రిడ్ కప్పులో పోసి బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా బయట మంచు కరకరలాడింది. చిన్నగా దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఎవరిదో అతనికి ఒకరు చెప్పాలా? సంతోషంగా కప్పుని కంత వైపు జరిపాడు.

"రా సిగ్రిడ్. దారి తీసే ఉంది."

అడుగులు గోడ దాకా వచ్చి ఆగాయి. బరువైన అడుగులు. లోతు మంచు కదా, ఎవరు నడిచినా అలాగే ఉంటుందని సర్ది చెప్పుకున్నాడు.

కంతలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. గోడని తడుముకుంటూ పైకి పాకి, అలవాటైన చోట, ఖాళీ మేకు దగ్గర ఆగింది. సిగ్రిడ్ చెయ్యి అంత పెద్దది కాదు.

"నా టోపీ ఏదే?" అంది మగ గొంతు.

"నన్నడుగుతావేం?" అంది సిగ్రిడ్, ఆ మనిషి వెనకనుంచి. "తగలబెట్టినవాడు లోపలే కూర్చున్నాడు, వాణ్ణడుగు."