టైరు మీది కుట్టు

"ఈ కుట్టు నీదేనా, సాయిబూ?"

మునసబు రామలింగప్ప సైగ చేయగానే తలారి బొజ్జన్న నెత్తిమీది గంప దించి, అందులోని బురద పెచ్చును కుట్టుమిషను బల్ల మీద పెట్టాడు. వంకలో తడి ఆరి పలకలా లేచిన పెచ్చు అది. దాని మీద సైకిలు టైరు అచ్చు. అచ్చుకు అడ్డంగా, చీమలు బారు కట్టినట్టు ఏడు కుట్లు.

దర్జీ వలి సాహెబ్ కత్తెర కింద పెట్టాడు.

"నాదే అయ్యా."

"యాడ దొరికిందో తెలుసునా? టపా మోసే దావీదురాజు శవం పక్కన. గొంతు కోసి వంకలో పారేసినారు. సంచి లేదు."

అంగడి ముందు చేరిన జనం గొల్లుమన్నారు. గడప లోపల నిలబడిన దర్జీ పెళ్లాం దస్తగిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వలి సాహెబ్‌కు కూడు పెట్టేది దర్జీ పని. ప్రాణం మాత్రం పాత సైకిళ్ల మీద. సంతలో తుప్పు పట్టిన బండి కనబడితే చాలు, భుజాన మోసుకొచ్చి, కిరసనాయిలుతో కడిగి, గీకి, రంగేసి, పెళ్లికొడుకులా నిలబెట్టేవాడు. యుద్ధం వచ్చి కొత్త టైర్లు కరువయ్యాక, చిరిగినవాటిని మైనం పూసిన దారంతో కుట్టడం మొదలుపెట్టాడు.

"ఇట్లా ఎన్ని కుట్టినావు?" అన్నాడు మునసబు.

"రెండే అయ్యా. ఒకటి నా బండికే ఉండాది. ఇంకోటి పోయిన నెల జమ్మలమడుగు సంతలో మారుబేరగానికి ఇచ్చినా. వాడు ఎవరికి అమ్మినాడో నేనెరగను."

మునసబు నవ్వాడు. "బెదరాకప్పా. నీ మింద నాకేం అనుమానం లేదు. రేపు కడప నుంచి పోలీసోళ్లు వస్తాండారు. వాళ్లొచ్చే లోపల దొంగను మనమే పట్టియ్యల్ల. ఊర్లో ఉండే బండ్లన్నీ నీ చేతి మింద బాగుపడినవే గదా. నువ్వే సూసి చెప్పు."

దస్తగిరమ్మ బయటకొచ్చి మొగుడి చొక్కా పట్టుకుంది. "పోవద్దు. నువ్వు వేలు సూపిస్తే ఎవరికో ఒకరికి ఉరి పడతాది."

"పోకుంటే నాకే పడతాదే," అన్నాడతను, ఆమె చెయ్యి విడిపించుకుంటూ.

ఊళ్లో అతని బండి కాక ఉన్నవి ఐదు సైకిళ్లు. మిట్టమధ్యాహ్నం ఎండలో మునసబు ముందు, వలి సాహెబ్ వెనక, వాళ్ల వెనక ఊరు. మొదట బడిపంతులు గురప్ప ఇల్లు. పంతులు పంచె తడిసేట్టు చెమటలు కక్కుతూ సైకిలు బయటపెట్టాడు. వలి సాహెబ్ చక్రం ఎత్తి తిప్పి, రబ్బరు పొడుగునా అరచెయ్యి ఆనించి చూశాడు.

"లేదు."

"గట్టిగా చెప్పప్పా. అందరికీ వినపడల్ల."

"లేదు! పంతులు బండికి కుట్టు లేదు!"

తర్వాత శనక్కాయల వ్యాపారి ఆదెన్న. ఆ తర్వాత మౌలా సాహెబ్. నాలుగోది సాలెవీధి కంబన్న ఇల్లు. చక్రం తిరుగుతుంటే కంబన్న పెళ్లాం సుంకులమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. నాలుగు చోట్లా కుట్టు లేదు. నాలుగు చోట్లా అతను గొంతెత్తి ఆ మాట చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ, ఒక మనిషి మెడ మీద నుంచి తాడు తీసినంత తేలికైంది అతనికి.

"ఇంక నా బండి," అన్నాడు మునసబు.

"అయ్యా, మీదెందుకు?"

"న్యాయం అందరికీ ఒకటే గదప్పా."

జనం మెచ్చుకోలుగా తలలూపారు. మునసబు వలి సాహెబ్‌ను మాత్రం లోపలికి తీసుకుపోయి, పెద్ద తలుపు గడియ పెట్టాడు.

కొట్టంలో ఎద్దుల వెనక, చీకటి మూలలో ఉంది సైకిలు. వలి సాహెబ్ గొంతుక్కూర్చుని ముందు చక్రం చూశాడు. నున్నగా ఉంది. వెనక చక్రం తిప్పాడు. అరచేతి కింద ఏదో గరగరలాడింది. వేళ్లు వాటంతట అవే లెక్కపెట్టాయి. ఏడు. చివరి ముడి కూడా తను వేసే ముడే. కుట్ల సందుల్లో ఎండిన బురద.

తలెత్తాడు. మునసబు చక్రం వైపు చూడటం లేదు. అతని మొహం వైపే చూస్తున్నాడు.

"ఏముండాది సాయిబూ?" అన్నాడు, చాలా మెల్లగా.

వంకలో పడున్న దావీదురాజు కళ్ల ముందు మెదిలాడు. గడపలో నిలబడిన దస్తగిరమ్మ గుర్తొచ్చింది. గడియ పెట్టిన తలుపు అవతల ఊరంతా ఉంది, ఇవతల తనొక్కడే ఉన్నాడు.

"ఏమీ లేదయ్యా."

"బయటికొచ్చి గూడా ఇదే మాట చెప్తావా?"

"చెప్తా."

తలుపు తెరుచుకుంది. ఎండ కళ్లలో కొట్టింది. వలి సాహెబ్ అరుగు మీద నిలబడి, ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాడు. "మునసబు బండికి కుట్టు లేదు!"

బతికి బయటపడ్డాననుకున్నాడు. దస్తగిరమ్మను తీసుకుని ఇప్పుడే కమలాపురంలో బామ్మర్ది ఇంటికి పోవాలి. పొద్దు గూకేలోపు ఈ ఊరి పొలిమేర దాటాలి. మెట్టు దిగబోతుంటే మునసబు చెయ్యి భుజం మీద పడింది.

"విన్నారు కదప్పా అందరూ! ఐదు బండ్లకూ కుట్టు లేదని వలి సాయిబే తన నోటితో చెప్పినాడు. ఇంక ఊర్లో కుట్టుండే బండి ఒక్కటే... బొజ్జన్నా, తాడు తీసుకరా, ఈయప్ప చేతులు కట్టు."