సూపర్‌వైజర్ కుర్చీ

“ముందా మాపు అవతల పారెయ్! నీ కొంప నువ్వే ముంచుకునేలా ఉన్నావు!”

లాండ్రీ ఓనరమ్మ ఫోను చేత్తో పట్టుకుని వెనక గదిలోంచి పరుగున వచ్చింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నేల తుడుస్తున్న సూపర్‌వైజర్ తలెత్తాడు.

“ఒక్క నిమిషం మేడమ్. ఆసుపత్రి దుప్పట్ల లోడుకి నీళ్ళు సరిగ్గా వేడెక్కలేదు. ఆపేసి మళ్ళీ వేయించాను. ఆ నీళ్ళే ఇవి. ఎవరైనా జారిపడతారు.”

“జారిపడేది నువ్వే! ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ఫోను. నీ ఉద్యోగం నిజమో కాదో చూడ్డానికి ఇవాళ మనిషిని పంపిస్తున్నారట.”

అతని చేతిలో మాపు ఆగిపోయింది. చదువయ్యాక ఈ దేశంలో పని చేసుకోవడానికి ఇచ్చిన గడువు ఇంకో నలభై రోజుల్లో ముగిసిపోతుంది. శాశ్వత నివాసం రావాలంటే ఏడాదిపాటు సూపర్‌వైజర్‌గా చేశాడని ఆఫీసువాళ్ళు నమ్మాలి. చేశాడు కూడా. కానీ కిందటి నెల రూమ్మేట్ దగ్గరికి ఇలాగే తనిఖీకి వచ్చారు. వాడూ ఒక హోటల్లో సూపర్‌వైజరే. ప్లేట్లు కడుగుతూ కనబడ్డాడు. దరఖాస్తు కొట్టేశారు.

“ఆ కుర్చీలో కూర్చోవయ్యా మగడా అని ఏడాదిగా మొత్తుకుంటున్నా, విన్నావా?” అంది ఓనరమ్మ.

కిటికీ పక్కన ఉంది అతని కుర్చీ. దాని మీద ఎప్పటిలాగే తువ్వాళ్ళ దొంతర. వయసులో పెద్దవాళ్ళు నిలబడి పనిచేస్తుంటే తను కూర్చోవడం అతనికి చేతకాలేదు.

ఇస్త్రీ బాబాయ్ స్టూలు మీద నుంచి లేచి వచ్చాడు. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి సూపర్‌వైజర్ ఆయనకి కూర్చుని చేసే పనే వేస్తున్నాడు. ఆయన మాపు లాక్కున్నాడు.

“వెళ్ళి కూర్చోరా. ఆ మనిషి రాగానే నన్ను గట్టిగా తిట్టు.”

“నిన్ను తిట్టడమేంటి బాబాయ్!”

“అదుగో, ఆ గొంతే వద్దనేది. కాస్త, వీలైతే, ఏమనుకోకుండా... ఇవన్నీ ఇవాళ్టికి కట్టిపెట్టు.”

మడతలు పెట్టే అక్క తువ్వాళ్ళు తీసి కుర్చీ దులిపింది. “నన్నూ తిట్టు తమ్ముడూ. పాపకి ఒంట్లో బాగాలేదనగానే రేపటి డ్యూటీ మార్చావుగా, అందుకైనా ఎదురు చెప్పకుండా పడతాలే.”

బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని, పత్రికలోని గళ్ళ నుడికట్టు మీద మళ్ళీ పెన్సిల్ ఆడించసాగింది. బొంత ఉతుక్కోవడానికి ఏడింటికే వచ్చిందావిడ. చిన్న మిషన్లో పట్టదని అతనే దాన్ని పెద్ద మిషన్లో వేసిపెట్టాడు.

ఎనిమిదిన్నరకి తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. మెడలో కార్డు, చంకలో ఫైలు.

“ఇక్కడ అన్నీ చూసుకునేది ఎవరు?”

“నేనే,” అన్నాడు సూపర్‌వైజర్ కుర్చీలోంచి. ఓనరమ్మ సైగ చేసింది. కాలు మీద కాలు వేసుకున్నాడు.

వచ్చినాయన గోడలు చూశాడు, తలుపులు చూశాడు, ఏదో రాసుకున్నాడు. బాబాయ్ కన్ను గీటాడు. ఇంకా ఆలస్యమైతే లాభం లేదు.

“ఏయ్! ఆ చొక్కా మీద ముడతేంటి? కళ్ళు కనిపించట్లేదా?”

బాబాయ్ చెయ్యి ఆపరేషన్ అయిన కంటి దాకా వెళ్ళి ఆగింది.

“తప్పయిపోయింది సార్.”

అది నటనో కాదో సూపర్‌వైజర్‌కి అర్థం కాలేదు. కానీ కుర్చీలోంచి కదల్లేదు. “తొందరగా కానివ్వండి” అని అక్క మీద ఒకసారి, “మాట్లాడకుండా పని చూడండి” అని మరోసారి అరిచాడు.

అరగంట తర్వాత వచ్చినాయన ఫైలు మూశాడు. “అంతా బాగానే ఉంది. ఒక్కటే లోపం.”

ఓనరమ్మ గబగబా ముందుకొచ్చింది.

“వెనక గదిలో మంటలార్పే సిలిండర్‌కి గడువు దాటిపోయింది. రేపు కొత్తది పంపిస్తాం. ఇక్కడో సంతకం పెట్టండి.”

ఆయన గుమ్మం దాటగానే, “ఈయన ఫైర్ తనిఖీకి వచ్చిన మనిషా!” అని ఓనరమ్మ నెత్తి కొట్టుకుంది. అక్క తువ్వాల్లో మొహం దాచుకుని పడీపడీ నవ్వింది. సూపర్‌వైజర్‌కి మాత్రం నవ్వు రాలేదు. లేచి బాబాయ్ దగ్గరికి వెళ్ళాడు.

“బాబాయ్... కళ్ళ మాట నేను అనకుండా ఉండాల్సింది.”

“ఫర్లేదురా. తిట్టడంలో నీకు ఓనమాలు కూడా రావు,” అని ఆయన అతని భుజం తట్టాడు.

“ముచ్చట్లు తర్వాత! అసలు మనిషి వచ్చేలోగా మళ్ళీ కూర్చో,” అంది ఓనరమ్మ.

“ఇంక కూర్చోను మేడమ్. నేను చేసే పనే చేస్తుంటాను. చూసి ఒప్పుకుంటే ఉంటాను, లేకపోతే పెట్టె సర్దుకుంటాను.”

తువ్వాళ్ళ దొంతర తెచ్చి కుర్చీలో పెట్టేశాడు.

అంతలో డ్రయ్యర్ కూత పెట్టింది. పెద్దావిడ బొంత బయటికి లాగి, మడవలేక అవస్థ పడుతోంది. అతను వెళ్ళి అటువైపు కొసలు పట్టుకున్నాడు. ఇద్దరూ దులిపారు, మడిచారు. కొసలు కలపడానికి దగ్గరికి రాగానే ఆవిడ బొంత తీసుకుని, పత్రిక అతని చేతిలో పెట్టింది. గళ్ళు నింపే పేజీలో గళ్ళన్నీ ఖాళీగానే ఉన్నాయి. దాని మీద పిన్ను పెట్టిన కాగితం మాత్రం పెన్సిల్ రాతతో నిండిపోయి ఉంది. పైన ఇమిగ్రేషన్ ఆఫీసు ముద్ర.

“మీ పని ఏడింటి నుంచీ రాసుకుంటూనే ఉన్నాను బాబూ,” అంది ఆవిడ. “మీరు కుర్చీలో కూర్చున్న ఆ అరగంట మాత్రం రాయలేదు.”