రెండో గిటారు

బ్లూస్ పాడే ఎరిక్‌కి గిటారు మీద పదేళ్ల జోడీ దానం అనేవాడు. ఖోబార్‌లో విదేశీ ఉద్యోగులుండే కాంపౌండ్లలో ఇద్దరూ కలిసి పాడేవారు. ఎరిక్ కట్టిన పాటను దానం తన పేరుతో విడుదల చేసుకున్నాడు. కిందటి నెల నజ్రాన్ దారిలో కారు బోల్తాపడి పోయాడు. ఎరిక్ కోపం మాత్రం పోలేదు.

ఆ రాత్రి అల్ అజీజియాలోని తన గదిలో గడియ పెట్టుకుని, ఆ పాటను ఒక్కడే పాడి ఫోన్‌లో రికార్డు చేశాడు. తిరిగి వింటుంటే తన గొంతు వెనక రెండో గిటారు మోగుతోంది. చరణం చివర దానం ఎప్పుడూ తొందరపడే చోట అదీ తొందరపడింది.

"చచ్చినా నా పాట వదలవేంట్రా!"

ఫోన్‌ని గోడకేసి కొట్టాడు. అది ముక్కలైంది. గిటారు మాత్రం ఆగలేదు.

"పల్లవి నువ్వందుకో బావా," అంది మంచం వైపు నుంచి దానం గొంతు.

ఎరిక్ అటు తిరగలేదు. పళ్లు కొరుకుతూ తన గిటారు అందుకుని, ఆ రెండో గిటారును మించేలా తీగ మీటాడు.