చెవికి నచ్చేదాకా

"ఇంకా మిస్ కొడుతోంది అల్లుడూ. మళ్ళీ విప్పు."

అల్లుడికి ఒళ్ళు మండిపోయింది. పొద్దుటినుంచీ ఇదే వరస. ఇంజను నడుస్తూ నడుస్తూ ఎక్కడో తడబడుతోందంటారు మామగారు. ఆ పాతకారు డిస్ట్రిబ్యూటర్ మూత ఎన్నిసార్లు విప్పాడో, ఎన్నిసార్లు బిగించాడో అతనికే తెలీదు.

ఇల్లరికం వచ్చిన అల్లుడికి మామగారి ఇల్లొక్కటే కాదు, మామగారి షెడ్డు కూడా మెడకు చుట్టుకుంటుంది. పెళ్ళయిన మర్నాడే చేతికి స్పానరు వచ్చింది. అప్పటినుంచీ ఊపిరాడటం లేదు. ఇన్నాళ్ళకి వేరే ఊళ్ళో లారీల కంపెనీలో హెడ్ మెకానిక్ ఉద్యోగం దొరికింది. ఉండటానికి ఇల్లు కూడా వాళ్ళే ఇస్తారు. మధ్యాహ్నం కంపెనీ వ్యాను సందు మొదట్లో ఆగుతుంది. ఎక్కితే ఉద్యోగం. ఎక్కకపోతే ఇంకెవడో ఎక్కుతాడు.

భార్య పెట్టె సర్దుకుని కూర్చుంది. కానీ, "నాన్న నోటితో వెళ్ళిరండి అంటేనే గడప దాటుతాను" అని తెగేసి చెప్పింది.

పోనీ మామగారు వద్దన్నారా అంటే, అదీ లేదు. "ఈ కారు నా చెవికి నచ్చేలా పలికించు, నిక్షేపంగా వెళ్ళు" అన్నారు.

మామగారి చెవంటే మాటలా! బానెట్ ఎత్తకుండా, వీధిలో పోయే బండిని విని జబ్బేమిటో చెప్పేసిన మనిషని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అల్లుడు మళ్ళీ మూత విప్పాడు. లోపల మినపగింజలంత పాయింట్లు రెండు. ఇంజను తిరుగుతుంటే అవి కలుస్తాయి, విడిపోతాయి. విడిపోయినప్పుడల్లా ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ఎడం ఎక్కువైతే రవ్వకి బలం చాలదు. తక్కువైతే పాయింట్లే కాలిపోతాయి. మధ్యలో సన్నని రేకు పెట్టి లాగితే, కాస్త పట్టి వదిలినట్టుండాలి. మామా అల్లుళ్ళ మధ్య కూడా ఆపాటి ఎడం ఉంటే ఎంత బావుణ్ణు, అనుకున్నాడు.

"కండెన్సర్ కూడా మార్చేశాను మావయ్యా," అన్నాడు వంగి రేకు లాగి చూస్తూ.

"ఏవిటా గొణుగుడు? పెద్దవాళ్ళతో మాట్లాడేప్పుడు మొహం ఇటు తిప్పి మాట్లాడు!"

ఆయన మామూలుగా మాట్లాడినా కసిరినట్టే ఉంటుంది. అల్లుడు అటు తిరిగి మళ్ళీ చెప్పాడు.

"ఊఁ, స్టార్ట్ చెయ్యి."

ఇంజను ఒక్కసారికే అందుకుంది. కుట్టుమిషనులా తడబాటు లేకుండా పలికింది. గుమ్మంలో భార్య మొహం విప్పారింది. మామగారు స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. వినేటప్పుడు ఆయనదో తపస్సు. పిలిచినా పలకరు.

"బాగుంది కదా మావయ్యా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాసేపటికి కళ్ళు తెరిచారు.

"మిస్ కొడుతోంది."

"ఎక్కడ నాన్నా?" అంది కూతురు, ఎదురుగా వచ్చి.

"నీకేం తెలుసే! చెవి పెట్టి వినాలి."

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. పైగా కొత్త భయం పట్టుకుంది. లోపం తన చెవిలోనే ఉందేమో! హెడ్ మెకానిక్‌నని వెళ్ళి నలుగుర్లో నవ్వులపాలైతే?

మళ్ళీ విప్పాడు. పాయింట్లు గీకి తుడిచాడు. రేకు పెట్టాడు. టైమింగు సరిచూశాడు. స్టార్ట్ చేశాడు. మామగారు కళ్ళు మూసుకున్నారు.

సందు మొదట్లో వ్యాను హారను మోగింది. భార్య పెట్టె పట్టుకుని లేచింది. తండ్రి వంక చూసి మళ్ళీ కూర్చుంది. హారను ఇంకోసారి, గట్టిగా మోగింది.

ఇక లాభం లేదు. నా బతుకు ఈ షెడ్డులోనే తెల్లారిపోతుంది, అనుకున్నాడు. చెయ్యి చాపి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగిపోయింది.

చీమ చిటుక్కుమన్నా వినబడే ఆ నిశ్శబ్దంలో, మామగారు కళ్ళు తెరవకుండానే చెవి ఇటు ఒగ్గి, "అదిగో, ఇంకా మిస్ కొడుతూనే ఉంది" అన్నారు.