విమానం చప్పుడు

"సౌండ్?" అడిగింది దర్శకురాలు.

"రోలింగ్," అన్నాడు చెవులాయన.

ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే చీమ చిటుక్కుమన్నా పట్టేస్తాడని ఆ పేరు. అంతటి సౌండ్ రికార్డిస్టు ఇంత చిన్న డాక్యుమెంటరీకి తనే ఫోన్ చేసి మరీ వచ్చాడు. దర్శకురాలు ఎగిరి గంతేసింది.

అది పాత యుద్ధవిమానాల షెడ్డు. కెమెరా ముందు కుర్చీలో పెద్దాయన. వెనకాల, ఆయన వయసులో ఉండగా నడిపిన రకం రెండు సీట్ల విమానం. గోడమీద, అలాంటి విమానంలోనే పోయిన ఆయన స్నేహితుడి ఫోటో.

ఆ ఫోటో అంటే ఊరికి ప్రాణం. గాల్లో ఇంజన్ అంటుకున్నప్పుడు వెనక సీట్లోని పెద్దాయన పారాచూట్‌తో దూకేశాడు. ముందు సీట్లోని స్నేహితుడు మాత్రం విమానం ఇళ్ల మీద పడకుండా పొలాల్లోకి తిప్పి, దానితోపాటే పోయాడు.

అయితే పుకారొకటి ఉంది. అసలు తప్పు ఆ హీరోదేనట. పెద్దాయన ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. ఇవాళ విప్పుతానన్నాడు.

"ఆ ఒక్క ముక్క పడితే చాలు, మన సినిమాకి తిరుగులేదు," అని పొద్దున్నే చెప్పింది దర్శకురాలు. "గోడమీది ఫోటో ఉంటుందో ఊడుతుందో సాయంత్రానికి తేలిపోవాలి."

మధ్యాహ్నం పెద్దాయన హాయిగా మొదలెట్టాడు. "ఇది విమానం కాదమ్మా, మా అత్తగారు. పొద్దున్నే పలకరించకపోతే రోజంతా సాధించేది." అందరూ నవ్వారు, చెవులాయన తప్ప.

దర్శకురాలు కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆ రోజు ఏం జరిగింది సార్?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు, నేను దూకేముందు, మావాడు..."

"కట్. విమానం చప్పుడు," అన్నాడు చెవులాయన.

"నాకేం వినబడలేదే," అన్నాడు కెమెరామన్.

"నీకు వినబడదు. మైకుకి వినబడుతుంది."

ఆ మాటకి తిరుగేముంది? కొత్త ఎయిర్‌పోర్టు దగ్గర్లోనే. చెవులాయన చెయ్యి దించేదాకా అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మళ్లీ మొదలు.

"మావాడు వెనక్కి తిరిగి..."

"కట్. ఇంకోటి."

కెమెరామన్ విసవిసా తలుపు దాకా వెళ్లి ఆకాశమంతా వెతికాడు. "ఏదండీ?"

"మబ్బుల పైన."

పెద్దాయన చెవిలో మిషన్. జీవితమంతా ఇంజన్ల పక్కన గడిపిన చెవులు, ఎప్పుడో చేతులెత్తేశాయి. అందుకే ఆయన చెవులాయన చేతినే చూస్తూ, అది దిగినప్పుడల్లా బుద్ధిగా మళ్లీ మొదలెట్టాడు. ప్రతిసారీ 'మావాడు' అనే సరికి ఎక్కణ్నుంచో ఒక విమానం ఊడిపడేది.

"విమానాల మీద సినిమా తీస్తూ విమానాల మీదే విసుక్కుంటే ఎలాగమ్మా," అని చివరికి నవ్వేశాడు. ఆ నవ్వులో అలుపు తెలుస్తోంది. దర్శకురాలికి ఏడుపొక్కటే తక్కువ.

వెలుతురు పోయింది. తాళాల గుత్తి ఊపుకుంటూ వాచ్‌మన్ వచ్చాడు.

"రేపు రాగలరా సార్?" అంది దర్శకురాలు.

"రేపు ఆపరేషన్‌కి చేరుతున్నానమ్మా. ఇవాళే డాక్టరు కళ్లుగప్పి వచ్చాను."

దర్శకురాలు, కెమెరామన్ లైట్లు సర్దడానికి వెళ్లారు. చెవులాయన హెడ్‌ఫోన్స్ మెడలోకి దించుకుని, పెద్దాయన కాలర్ మైకు తీయడానికి వంగాడు. పొద్దుటినుంచి మొదటిసారి చెవులాయన ముఖం తేటపడింది.

పెద్దాయన ఫోటోకేసి చూస్తూ అన్నాడు. "తప్పు వాడిది కాదు బాబూ, ఇంజన్‌ది. అది చెప్పి ఈ పుకారు ఆపుదామనుకున్నా. ఇంకోటి, వాడి ఆఖరి మాట. అది నాకోసం చెప్పింది కాదు, వాడి కొడుక్కి. నెలల పిల్లాణ్ని చంకనేసుకుని వాళ్లమ్మ అప్పుడే ఊరొదిలి వెళ్లిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. సినిమా అయితే ఎక్కడున్నా చూస్తాడు, వాళ్ల నాన్న మాట వింటాడు అని ఆశ పడ్డా. ఏం చేస్తాం, ఆ విమానాలు చెప్పనివ్వలేదు."

చెవులాయన వేళ్లు మైకు మీదే ఆగిపోయాయి.

కట్ చెప్పిన ఒక్కసారి కూడా ఆకాశంలో ఏ విమానమూ పోలేదని ఆ కొడుకొక్కడికే తెలుసు.