ముప్పై ఆరు టాంపన్లు

షెల్ఫ్ ముందు నిలబడి పావుగంటయింది. శశికళ ఇంకా ఏ డబ్బా మీదా చెయ్యి వెయ్యలేదు.

లైట్, రెగ్యులర్, సూపర్. వాటిలో మళ్ళీ ప్లాస్టిక్ గొట్టం ఉన్నవి, అట్ట గొట్టం ఉన్నవి, అసలు గొట్టమే లేనివి. అమెరికా వచ్చి పదహారేళ్ళయినా ఆమె ఎప్పుడూ ప్యాడ్ల దగ్గరే ఆగేది. అవి కూడా అన్నిటికంటే చిన్న ప్యాకెట్టే తీసుకునేది. ఇప్పుడు నలభై ఒకటో ఏట, ఆష్‌బర్న్‌లో ఇంటికి దగ్గరి మందుల షాపులో, ప్యాడ్‌లా బయట కాకుండా ఒంటి లోపల పెట్టుకునే ఈ టాంపన్లు మొదటిసారి వాడేవాళ్ళు ఏది కొనాలో ఫోన్‌లో వెతుక్కుంటోంది.

"హాయ్ శశి ఆంటీ."

ఉలిక్కిపడి ఫోన్ బ్యాగులో పడేసింది. పక్కింటి ఇషిత. పదిహేడేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. వేసవి సెలవుల్లో కమ్యూనిటీ స్విమ్మింగ్ పూల్‌లో లైఫ్‌గార్డ్‌గా పనిచేస్తోంది. చేతిలో సన్‌స్క్రీన్ సీసా ఉంది.

శశికళ ఏదో అబద్ధం చెప్పబోయి మానుకుంది. సాయంత్రం పూల్‌కి రావాలనుకుంటున్నాననీ, పొద్దున్నే పీరియడ్ వచ్చిందనీ, ఇవి ఎప్పుడూ వాడలేదనీ గొంతు తగ్గించి చెప్పింది.

ఇషిత నవ్వలేదు. సీసా చంకలో పెట్టుకుని, తమ్ముడికి లెక్కలు చెబుతున్నంత శ్రద్ధగా చెప్పుకొచ్చింది. సెంటు కలిపినవి వద్దంది. ప్లాస్టిక్ గొట్టమైతే జారుతుంది కాబట్టి మొదటిసారికి సులువంది. వీలైనంత తక్కువ పీల్చే సైజుతో మొదలుపెట్టాలంది.

"ఎయిట్ అవర్స్ దాటకూడదు ఆంటీ, ఇన్ఫెక్షన్ వస్తుంది. అలారం పెట్టుకోండి. అది మాత్రం సీరియస్."

శశికళ తలూపింది.

"ఎవ్రీ సమ్మర్ మీరు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. కాళ్ళు కూడా నీళ్ళలో పెట్టరు. మీకు వాటర్ అంటే భయం అనుకున్నా."

"భయమే" అంది శశికళ.

ఇషిత ఎనిమిది ఉన్న చిన్న డబ్బా తీసి అందించింది. ముందు ఇది వాడి చూడమంది. నచ్చకపోతే పెద్దది వేస్ట్ అవుతుందంది. శశికళ దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ షెల్ఫ్‌లో పెట్టేసింది. కింది అరలోంచి లైట్, రెగ్యులర్ కలిసి ఉన్న పెద్ద డబ్బా తీసుకుంది. ముప్పై ఆరు ఉన్నాయి అందులో.

"ఇదే తీసుకుంటాను. నెలనెలా వచ్చేదేగా."

ఇంటికి వెళ్తూ దారిలో ఆగి కాఫీ కొనుక్కుంది. పెద్ద కప్పు. కాఫీ మానేసి చాలా ఏళ్ళయింది. మొదటి గుక్క చేదుగా ఉంది. అయినా కప్పు ఖాళీ చేసింది.

భర్త తేజేశ్వర్ డాలస్ నుంచి ఫోన్ చేశాడు. సోమవారం నుంచి శుక్రవారం వరకూ అతను అక్కడే, క్లయింట్ దగ్గర ఉంటాడు. పొద్దుట్నించి ఇది మూడో ఫోన్. తిన్నావా అని అడిగాడు, పడుకున్నావా అని అడిగాడు. పూల్‌కి వెళ్తున్నానని చెప్పింది.

"ఇవాళ ఎందుకు శశీ? రెస్ట్ తీసుకో. రాత్రికి వచ్చేస్తాగా."

"రెస్ట్ తీసుకుని ఏం చెయ్యను?"

నిన్ననే బయల్దేరి రావలసింది అన్నాడు చివరికి. ఫరవాలేదంది. ఫోన్ పెట్టేశాక ఇల్లంతా ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే వినిపించింది.

బాత్‌రూమ్‌లో డబ్బాలోని కాగితం విప్పి, బొమ్మలు చూసి, చేతులు కడుక్కుంది. మొదటిది సగంలోనే నొప్పి పెట్టింది. తీసి పారేసింది. రెండోసారి ఊపిరి బిగబట్టింది. అదీ కుదరలేదు. సిగ్గు విడిచి ఇషితకు మెసేజ్ పెట్టింది. ఒక కాలు టబ్ అంచు మీద పెట్టమనీ, నేరుగా పైకి కాకుండా వెనక్కి, నడుము వైపుకి తొయ్యమనీ, ముందు ఊపిరి వదలమనీ జవాబు వచ్చింది.

మూడోది కుదిరింది. తర్వాత లాగి తీసే దారం మాత్రం బయటికి ఉంది. లేచి నిలబడింది, నాలుగడుగులు వేసింది. ఏమీ తెలియడం లేదు. ఎన్నో ఏళ్ళుగా ఒంట్లో చిన్న నొప్పి వచ్చినా, చిన్న వికారం కలిగినా చెవి ఒగ్గి విన్న మనిషి ఆమె. ఏమీ తెలియకపోవడం ఇలా ఉంటుందా అనుకుంది. అలారం పెట్టుకుని తువ్వాలు తీసుకుంది.

పూల్‌లో తక్కువ లోతున్న వైపు పిల్లలు నీళ్ళు చల్లుకుంటున్నారు. శశికళ అటు చూడకుండా రెండోవైపుకి నడిచింది. ఎత్తు కుర్చీ మీంచి ఇషిత బొటనవేలు ఎత్తి చూపింది. మెట్లు దిగుతుంటే నీళ్ళు మోకాళ్ళకి, నడుముకి, మెడకి వచ్చాయి. ఈత రాదు. గట్టు పట్టుకుని తల లోపలికి ముంచింది. లోపల పిల్లల కేకలు వినబడలేదు. ఊపిరి ఆగినంతసేపూ అక్కడే ఉండి పైకి వచ్చింది, మళ్ళీ ముంచింది. అలా ఎన్నిసార్లో.

గట్టెక్కేసరికి ఇషిత షిఫ్ట్ అయిపోయి ఎదురొచ్చింది.

"సూపర్ ఆంటీ. కానీ కళ్ళు బాగా రెడ్‌గా ఉన్నాయి. క్లోరిన్ కదా. గాగుల్స్ కొనుక్కోండి."

"కొంటాను."

"ఎప్పుడో స్టార్ట్ చెయ్యాల్సింది మీరు. ఇవాళే ఎందుకు అనిపించింది?"

ఎండ బాగుందని చెప్పింది శశికళ.

పిల్లల కోసం తొమ్మిదేళ్ళుగా తీసుకుంటున్న చికిత్స ఇక చాలని ఆమె డాక్టరుకు చెప్పేసింది, ఆ ఉదయమే.