వినికిడి మామూలుగానే ఉంది

“ఈ సంతకం మీదేనా?” అంటూ వదిన ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

చెవి పరీక్షలు చేసే టెక్నీషియన్ కళ్లజోడు సర్దుకుని చూశాడు. సంతకం ఆయనదే. స్టీలు గ్లాసులు తయారుచేసే ఫ్యాక్టరీ వాళ్లు, రేకుల్ని గ్లాసులుగా నొక్కే ప్రెస్సు షెడ్డులో పనిచేసే ఆడవాళ్లందరినీ కిందటేడు పరీక్షకు పంపించారు. అప్పుడు రాసిన రిపోర్టు అది. పైన గ్రాఫు, దాని కింద ఒకే ముక్క: వినికిడి మామూలుగానే ఉంది.

“ఆ మామూలుగా ఉన్న మనిషి ఈవిడేనండీ,” అని వదిన పక్కనున్న మరదలిని చూపించింది.

మరదలు కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఎడమ పాదానికి కట్టు. మాట్లాడేది తన గురించేనని తెలిసి, ఎవరు నోరు విప్పితే వాళ్ల పెదవుల వైపు చూస్తోంది.

జరిగిందంతా వదినే చెప్పింది, ఊపిరి తిప్పుకోకుండా. మరదలు తన తమ్ముడి భార్య. తమ్ముడు మంచాన పడ్డాక ఆమెను ఈ పనిలో పెట్టించింది తనే. ఆరేళ్లుగా ఇద్దరూ పక్కపక్క ప్రెస్సుల మీద పనిచేస్తున్నారు. మూడు వారాల కిందట రేకుల ట్రాలీ వెనక్కి వస్తూ హారన్ కొట్టింది. అందరూ తప్పుకున్నారు, మరదలు తప్పుకోలేదు. కాలి వేళ్లు రెండు తీసేయాల్సి వచ్చింది. కుట్లయినా విప్పకముందే ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. హారన్ విని కూడా జరగకపోవడం ఆమె అజాగ్రత్తేనట. చెవులు బాగున్నాయని ఈ సెంటరు రిపోర్టే చెబుతోందట. కాబట్టి వైద్యం వాళ్ల బాధ్యత కాదు, ఇక పనిలోకి రానక్కర్లేదు.

“చెవులు వాళ్లే తిన్నారు, వేళ్లు వాళ్లే తిన్నారు. తప్పు మాత్రం దీనిది,” అంది వదిన. “దానికి సాక్ష్యం మీ కాగితం. ఎవరు రాయమంటే రాశారండీ ఇది?”

టెక్నీషియన్ మొహం ఎర్రబడింది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో తనను ఎవరూ ఇంత మాట అనలేదన్నాడు. ఆ షెడ్డు మోత సంగతి తనే ఫ్యాక్టరీ మేనేజరుకి చెప్పాడట. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, శబ్దాన్ని మెదడుకు అందించేవి అవే, రోజూ అంత మోత తగిలితే అవి చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు అని నచ్చజెప్పాడట. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, తర్వాత ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గాని ఏమంటున్నారో తెలియదు అని కూడా చెప్పాడట. సలహాలొద్దు, రిపోర్టులివ్వు చాలన్నాడట మేనేజరు.

“కానీ ఈవిడ ఆరోజు ప్రతి శబ్దానికీ బటన్ నొక్కింది. మిషన్ చూపించిందే రాశాను,” అన్నాడు.

వదిన కుడి చెవి ఆయన వైపు తిప్పి విన్నది. విని, ఇంకా మండిపడింది. ఇంట్లో తలుపు బాదినా దీనికి తెలియదంది. కూతురు వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూడదని, అమ్మకి నేనంటే ఇష్టం లేదని ఆ పిల్ల ఏడుస్తుందని చెప్పింది. రిపోర్టు తప్పని రాసిచ్చేదాకా ఇక్కడినుంచి కదిలేది లేదంది.

ఊరికే రాసివ్వడం కుదరదు, ఇప్పుడే మళ్లీ పరీక్ష చేస్తానన్నాడాయన. వదిన ఒప్పుకోలేదు. కుంటుకుంటూ వచ్చిన మనిషిని మళ్లీ ఆ గదిలో పెట్టి ఎందుకు ఏడిపిస్తారని అడ్డం పడింది. ఈలోగా మరదలే గోడ పట్టుకుని లేచి, అద్దం కిటికీ ఉన్న ఆ చిన్న గదిలోకి వెళ్లింది.

ఆయన ఆమె తలకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి బటన్ ఇచ్చాడు. బయటకు రాబోయి, ఏదో తోచినట్టు ఆగి, కుర్చీని గోడ వైపు తిప్పాడు.

సన్నటి శబ్దంతో మొదలుపెట్టాడు. బటన్ నొక్కితే వెలిగే దీపం మిషన్ మీద వెలగలేదు. పెంచాడు. వెలగలేదు. ఇంకా పెంచాడు. కిటికీలోంచి మరదలి వీపు, బటన్ మీద సిద్ధంగా ఉన్న బొటనవేలు కనిపిస్తున్నాయి. ఆ వేలు కదలడం లేదు. మామూలు మనిషి చెవులు మూసుకునేంత మోత వేశాక ఒక్కసారి దీపం వెలిగింది.

ఆమె బయటకు వచ్చాక రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి ఆయన పోల్చి చూశాడు. తర్వాత ఆమెకు ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

“పోయినసారి ఎలా నొక్కావమ్మా?”

“మీ భుజం చూసి,” అంది మరదలు, ఆ గదికి ఎక్కువైన గొంతుతో. “శబ్దం వేసినప్పుడల్లా కొంచెం కదులుతుంది. కదిలితే నొక్కాలి. షెడ్డులో అందరం అంతే. పరీక్ష తప్పితే పనిలోంచి తీసేస్తారు కదా.”

ఇప్పుడు కోపం ఆయన వంతయింది. ఆరోజే నిజం బయటపడి ఉంటే షెడ్డులోంచి తప్పించి ప్యాకింగులో వేయమని తనే రాసేవాణ్ణన్నాడు. ఈపాటికి చెవికి మిషన్ పెట్టుకుని కూతురి పిలుపు వింటూ ఉండేదానివన్నాడు. ఆ ట్రాలీ దారిలో నిలబడాల్సిన అవసరమే వచ్చేది కాదన్నాడు.

“చెవులు పోగొట్టింది ఫ్యాక్టరీయే, కాదనను. కానీ తప్పించుకోవడానికి వాళ్ల చేతికి కాగితం అందించింది ఈ కిటుకు. ఇది నేర్పిన మనిషిని ఏమనాలి? ఎవరమ్మా నేర్పింది?”

మరదలు ఆయన పెదవుల వంక కన్నార్పకుండా చూసింది. ఆ తర్వాత తల దించుకుని, వినబడలేదండీ అంది.

ఆయన మళ్లీ అడిగాడు, ఈసారి గట్టిగా. మరదలు తల ఎత్తలేదు.

“నేనే,” అంది వదిన.